వెనక ఎడమ చక్రం

"సంతకం పెట్టను," అంది గౌసియా.

బానెట్ మీది పెన్ను దొర్లి కింద పడింది. ఎవరూ వంగి తీయలేదు.

"పెట్టకపోతే పోలీస్ స్టేషన్‌కి వెళ్తామంటున్నారు. వినపడిందా?" అన్నాడు అమ్జద్ గొంతు తగ్గించి. మెయిన్ రోడ్డులో సెల్‌ఫోన్ల షాపు మూసుకుని పొద్దున్నే వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ ఇస్త్రీ చొక్కాకి ఏ మరక అంటుతుందోనని షెడ్డులో దేన్నీ తాకకుండా నిలబడ్డాడు.

"వినపడింది. వెళ్ళమను."

"గౌసియా!"

"చేయని తప్పుకి నేనెందుకు పెట్టాలి భాయ్?"

కాగితం రాసింది అమ్జదే. 'రేపల్లెకు చెందిన కమలమ్మ గారి జీపు పికప్పునకు వెనుక బ్రేకులు నేను సరిగా బిగించనందున ప్రమాదం జరిగినది' అని గుండ్రటి అక్షరాలతో రాసి, కింద చెల్లెలి పేరు కూడా తనే రాసి, పక్కన ఖాళీ వదిలాడు.

ఆ ఖాళీ నిండితే చాలన్నట్టు షెడ్డు గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు వరప్రసాదం. కమలమ్మకు తమ్ముడు. బాపట్లలో గుమాస్తా ఉద్యోగం.

"నాకు కేసులూ గొడవలూ ఇష్టం లేదండి," అన్నాడాయన హుస్సేన్ వైపు తిరిగి. "ఆ కాగితం ఒక్కటి చేతికొస్తే మా అక్కకి తెలిసొస్తుంది. అరవై రెండేళ్ళ మనిషి, ఆ డొక్కు బండేసుకుని ఊళ్ళు తిరగడం మానేస్తుంది. బండిని తుక్కుకి ఇచ్చేస్తాం. అంతేనండి."

హుస్సేన్ తెనాలి వేమూరు రోడ్డులో నలభై అయిదేళ్ళుగా ఈ షెడ్డు నడుపుతున్న మనిషి. గోడకి ఆనించిన పాత బస్సు సీటు మీద కూర్చుని కూతురి వైపూ, కొడుకు వైపూ కాకుండా ఇద్దరి మధ్యనున్న బండి వైపు చూస్తున్నాడు.

బండిని లాక్కొచ్చి పడేసి నాలుగు రోజులైంది. అరవై ఏడో సంవత్సరంలో తయారైన పికప్పు. ముందు కుడివైపు మడ్‌గార్డు నలిగిపోయి ఉంది. వెనక తొట్టిలో ఇంకా నర్సరీ మట్టి, విరిగిన మామిడి అంట్లు. పోయిన గురువారం వేమూరు కాలవ వంతెన దిగుతూ కమలమ్మ బ్రేకు తొక్కితే బండి ఆగలేదు. రోడ్డుకి అడ్డంగా కుడికి పోయి గట్టు మీది సిమెంటు దిమ్మను గుద్దింది. సైకిలు మీద ఎదురొస్తున్న పెద్దాయన ఒకాయన కాలవలోకి దూకి బతికిపోయాడు. కమలమ్మకు ఎడమ భుజం ఎముక చిట్లింది.

అంతకు వారం ముందే ఆ బ్రేకులు బాగుచేసింది గౌసియా. ఆ కబురు తెనాలి నుంచి రేపల్లె దాకా పాకిపోయింది. ఆడది బాగుచేసింది, ఆడది నడిపింది, ఇక ఆగుతుందా అని టీ కొట్ల దగ్గర నవ్వుకున్నారు.

"నేను బజార్లో తలెత్తుకోలేకపోతున్నా," అన్నాడు అమ్జద్. "ముప్పై మూడేళ్ళొచ్చాయి నీకు. ఇంకా బండ్ల కింద దూరతావేంటి? షఫీ ఏమీ అనడా?"

"షఫీ బట్టలు కుడతాడు. నేను బండ్లు చూస్తాను. ఒకరి పనిలో ఒకరం వేలు పెట్టం."

"అదే, మొగుడికి పట్టింపు లేకే..."

"మా ఇంటి సంగతి ఎత్తకు భాయ్. బండి సంగతి మాట్లాడు." గౌసియా వరప్రసాదం దగ్గరికి వెళ్ళి నిలబడింది. "మీ ముందే వెనక చక్రాలు విప్పుతానండి. అక్కడ నా తప్పు కనపడితే ఈ కాగితం మీదే పెడతాను సంతకం. కనపడకపోతే?"

వరప్రసాదం అమ్జద్ వైపు చూశాడు.

"విప్పొద్దు," అన్నాడు హుస్సేన్.

పొద్దుటి నుంచీ ఆయన నోట వచ్చిన మొదటి మాట అదే. నాలుగు రోజులుగా గౌసియా అడిగినప్పుడల్లా ఆ మాటే అంటున్నాడు. బండిగలవాళ్ళు లేకుండా చెయ్యి వేయకూడదని అప్పుడు కారణం చెప్పాడు. ఇప్పుడు బండి తాలూకు మనిషి ఎదురుగానే కూర్చున్నాడు.

"ఎందుకు అబ్బా?" అని తండ్రిని అడిగింది గౌసియా.

హుస్సేన్ గడ్డం నిమురుకున్నాడు. ఇంట్లోకి వెళ్ళే గుమ్మంలో ఆయన భార్య మెహరున్నీసా గిన్నె తుడుస్తూ నిలబడి ఉంది. గిన్నె ఎప్పుడో ఆరిపోయింది. ఆవిడ ఇంకా తుడుస్తూనే ఉంది.

అప్పుడే బయట ఆటో ఆగింది.

ఎడమ చెయ్యి మెడకి వేలాడేసుకుని, కుడి చేత్తో ఆటో కమ్మీ పట్టుకుని కమలమ్మ దిగింది. ముప్పై ఏళ్ళు బళ్ళో పిల్లలకి లెక్కలు చెప్పి, రిటైరయ్యాక రేపల్లెలో మొక్కల నర్సరీ పెట్టుకున్న మనిషి.

వరప్రసాదం కుర్చీలోంచి లేచాడు. "నువ్వెందుకొచ్చావక్కా? డాక్టరు కదలొద్దన్నాడుగా!"

"భుజం కదపొద్దన్నాడు. కాళ్ళు కదపొద్దనలేదు." ఆవిడ బానెట్ మీది కాగితం తీసి చదివింది. చదివి అక్కడే పెట్టింది. "నా బండి గురించి నాకు తెలియకుండా ఏంట్రా ఈ రాతలు?"

"నీ మంచికే అక్కా."

"నా మంచి నన్ను అడుగు." ఆవిడ గౌసియా వైపు తిరిగింది. "నన్ను ఒక్కళ్ళూ అడగలేదమ్మా, ఆ రోజు ఏం జరిగిందని. నువ్వన్నా అడుగు."

"అడుగుతానండి. బ్రేకు తొక్కినప్పుడు పెడల్ కిందికి జారిపోయిందా, గట్టిగా ఉందా?"

"గట్టిగా ఉంది. రాయి మీద కాలేసినట్టే. బండి మాత్రం ఆగలేదు. కుడికి ఈడ్చుకుపోయింది."

గౌసియా ముఖం విచ్చుకుంది. "అయితే బ్రేక్ ఆయిల్ పోలేదండి. పోతే పెడల్ నేలకంటేది. నేను కొత్తవి వేసింది ఆ ఆయిలు తోసే సిలిండర్లే. కుడికి లాగిందంటే ఎడమ చక్రం పట్టలేదని. వెనక ఎడమ చక్రం."

"విప్పు," అంది కమలమ్మ.

హుస్సేన్ కళ్ళు మూసుకున్నాడు. ఈసారి వద్దనలేదు.

గౌసియా ముందు చక్రాలకి చెక్క దిమ్మెలు అడ్డం పెట్టి, జాకీ తీసుకొచ్చింది. చక్రం పూర్తిగా లేవకముందే నట్లు ఒదులు చేయాలి. జాకీ సర్దేలోపు అమ్జద్‌కి ఓపిక పోయింది. చొక్కా చేతులు మడిచి స్పానర్ తీసుకున్నాడు. ముక్కుతూ తిప్పాడు. నట్టు కదల్లేదు.

"తుప్పు పట్టింది," అన్నాడు.

"తుప్పు కాదు. ఆ కాలం జీపులకి ఎడమ పక్క నట్లు ఎదురు తిరుగుతాయి భాయ్. నువ్వు బిగిస్తున్నావు."

కమలమ్మ నవ్వబోయి భుజం పట్టుకుంది. అమ్జద్ స్పానర్ కింద పెట్టి, చేతికంటిన గ్రీజు ఎక్కడ తుడవాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

చక్రం ఊడింది. డ్రమ్ము గట్టిగా పట్టేసుకుని ఉంటే పుల్లర్ తగిలించి లాగింది గౌసియా. నాలుగు దెబ్బలకి ఊడి వచ్చింది. లోపల డ్రమ్ముని పట్టి ఆపే బ్రేకు షూలు రెండూ నల్లటి నూనెలో నాని ఉన్నాయి. అడుగున చిక్కటి చుక్క ఒకటి సాగి నేల మీద పడింది.

"చూడండి!" అన్నాడు అమ్జద్. "లీకే. నేను ముందే అనుకున్నా."

గౌసియా సిలిండర్‌కి రెండు పక్కలా ఉన్న రబ్బరు టోపీలు ఎత్తి చూసింది. పొడిగా ఉన్నాయి. షూ మీది నూనె వేలికి రాసుకుని వాసన చూసి, అదే వేలు వరప్రసాదం ముందు పెట్టింది.

"చూడండి బాబాయ్ గారూ."

వరప్రసాదం మొహం తిప్పేసుకున్నాడు. "అబ్బే, కుళ్ళు కంపు!"

"బ్రేక్ ఆయిల్ ఇలా ఉండదండి. నీళ్ళలాగా పల్చగా ఉంటుంది. ఇది గేర్ ఆయిల్. యాక్సిల్ గొట్టంలోంచి వచ్చింది. బయటికి రాకుండా అక్కడ రబ్బరు సీలు ఒకటి ఉంటుంది. అది ఆపలేదు. నూనె షూల మీద పడింది. సబ్బు రాసిన చేత్తో పట్టుకున్నట్టే, డ్రమ్ము జారిపోయింది."

"ఆ సీలేది, చూపించు," అంది కమలమ్మ.

షాఫ్టు బయటికి లాగి, సీలుని ఊడదీసేసరికి పావుగంట పట్టింది. గౌసియా దాన్ని గుడ్డతో తుడిచింది. తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది.

కొత్త సీలే. ఎక్కడా చిరగలేదు. దానికి ఒక పక్క సన్నటి స్ప్రింగు ఉంటుంది. ఆ పక్క నూనె వైపు ఉండాలి. పద్నాలుగేళ్ళప్పుడు తండ్రి ఆమె చేత వందసార్లు అనిపించిన పాఠం. ఈ సీలుకి మాత్రం స్ప్రింగు బయటి వైపు ఉంది.

బ్రేకులు బాగుచేసిన రోజు కుడి చక్రానికి సీలు తనే వేసింది. ఆ సాయంత్రం ఎడమ వైపుకి వెళ్ళబోతుంటే, 'నువ్వు సిలిండర్లు చూసుకో, ఇది నేను వేస్తాలే' అన్నాడు అబ్బా.

ఆమె తలెత్తింది. హుస్సేన్ ఆమెనే చూస్తున్నాడు.

"ఏంటమ్మా?" అంది కమలమ్మ.

"తిరగేసి ఉందండి."

"ఎవరు వేశారు?"

రోడ్డు మీద గడ్డి ట్రాక్టరు ఒకటి వెళ్ళింది. గౌసియా సీలుని మళ్ళీ తుడవసాగింది.

"ఇంకెవరు?" అమ్జద్ వంగి పెన్ను తీశాడు. "తప్పు దొరికింది. నువ్వే అన్నావుగా పెడతానని. పెట్టు."

"అది నేను వేయలేదు."

"మరి ఎవరేశారు?"

"ఆ మాట నన్నడగొద్దు." గౌసియా కమలమ్మ ఎదురుగా నిలబడింది. "టీచర్ గారూ, బండి మా షెడ్డులోంచి వచ్చింది. ఖాళీ బండి నడిపి చూసి, బాగుందని మీకిచ్చింది నేను. ఒక్కసారి మళ్ళీ విప్పి చూడాల్సింది. చూడలేదు. ఆ తప్పు నాదే, మీ ముందే ఒప్పుకుంటున్నాను. ఆ కాగితంలో ఉన్నది మాత్రం అబద్ధం. దాని మీద పెట్టను."

"ఏం పొగరే నీకు!" అన్నాడు అమ్జద్.

"ఆయనకి కుడి కన్ను కనపడదు."

మెహరున్నీసా గొంతు అది. గిన్నె గుమ్మంలో పెట్టి ఆవిడ షెడ్డులోకి వచ్చింది. బయటి మనుషులున్నప్పుడు ఆవిడ అలా రావడం గౌసియా ఎన్నడూ చూడలేదు.

"ఆరు నెలలైంది. ఎడమ కన్నూ మసకే. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు పెట్టించుకున్నాడు. సీలు వేసింది ఆయనే."

"మెహరున్నీసా!" హుస్సేన్ లేచి నిలబడ్డాడు.

"అరవకండి. నలభై ఏళ్ళు మీ మాట దాటలేదు. ఇవాళ దాటాను. నా కూతురి చేత అబద్ధానికి సంతకం పెట్టిస్తుంటే, మీరు కూర్చుని ఎలా చూస్తున్నారండీ?"

హుస్సేన్ నెమ్మదిగా వచ్చి గౌసియా చేతిలోంచి సీలు తీసుకున్నాడు. చూడలేదు. బొటనవేలితో అంచు తడిమాడు. ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క. దాన్ని బల్ల మీద పెట్టి, ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

అమ్జద్ చేతిలో పెన్ను అలాగే ఉంది.

వరప్రసాదం గొంతు సవరించుకున్నాడు. "అయితే హుస్సేన్ గారి పేరు మీద ఇంకో కాగితం..."

కమలమ్మ బానెట్ మీది కాగితం తీసుకుంది. ఒంటి చేత్తో చింపడం కుదరక ఒక అంచు పళ్ళతో పట్టుకుని చింపింది.

"నాన్న ఈ బండి నాకిచ్చాడు ప్రసాదూ. భుజమూ నాదే. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నేను చూసుకుంటాను. నువ్వు ఆఫీసుకి వెళ్ళు." తర్వాత గౌసియాతో అంది, "శుక్రవారం బాపట్లలో రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి బండి చూపించాలి. అవుతుందా?"

"అవుతుందండి."

"నువ్వే చేయాలి. వెనక రెండు చక్రాలూ. ప్రతి నట్టూ నువ్వే."

* * *

నూనె తాగిన షూలు ఎంత కడిగినా పనికిరావు. గౌసియా రెండు చక్రాలకీ కొత్తవి వేసింది. ఒక పక్క కొత్తవి, ఒక పక్క పాతవి ఉంటే బండి మళ్ళీ పక్కకి లాగుతుంది. యాక్సిల్ బేరింగు తీసి కిరసనాయిల్లో కడిగి, చెవి దగ్గర తిప్పి విన్నది. గరగర లేదు. కొత్త సీలుని వేలితో తడిమి, స్ప్రింగు లోపలికి తిప్పి, చెక్కముక్క ఆనించి చుట్టూ సమానంగా కొట్టింది. కొట్టాక టార్చి వేసి చూసింది. మళ్ళీ చూసింది.

ఆ రెండు రోజులూ హుస్సేన్ షెడ్డులోకి రాలేదు. అన్నం పెడితే తిన్నాడు. భార్య ఉన్న గదిలోంచి లేచి ఇంకో గదిలోకి వెళ్ళిపోయాడు.

బుధవారం సాయంత్రం బ్రేకు గొట్టాల్లో గాలి తీయాలంటే పెడల్ తొక్కేవాళ్ళు కావాలి. అమ్జద్ ఆ వైపుకే రాలేదు. గౌసియా ఇంటి గుమ్మం దగ్గరికి వెళ్ళింది.

"అమ్మీ, వచ్చి కూర్చో."

"నేనా? బండిలోనా?" మెహరున్నీసా లోపలి గది వైపు చూసింది. తర్వాత చెప్పులు విడిచి వచ్చి డ్రైవరు సీటులో కూర్చుంది. నలభై ఏళ్ళు షెడ్డు వెనకే బతికినా, ఆ సీటులో ఎన్నడూ కూర్చోలేదు.

"తొక్కు," బండి కిందనుంచి అంది గౌసియా.

"తొక్కాను."

"పట్టుకో... వదులు. మళ్ళీ తొక్కు."

పదిసార్లయ్యాక మెహరున్నీసా అంది, "గట్టిపడిందే."

"అదీ!"

"మీ అబ్బా నన్ను క్షమిస్తాడంటావా?"

కింద స్పానర్ చప్పుడు ఆగింది. "ఏమో అమ్మీ. కానీ నువ్వు చెప్పకపోతే రేపు ఇంకో బండికీ ఇలాగే తిరగేసి వేసేవారు."

* * *

గురువారం మధ్యాహ్నం కమలమ్మ వచ్చింది. తొట్టిలో ఇసుక బస్తాలు ఎనిమిది వేయించింది. "ఖాళీ బండిని కాదమ్మా, నా మొక్కలంత బరువుతో చూపించు. ఆ వంతెన మీదే."

గౌసియా ఇంజను స్టార్ట్ చేసింది. ఇంట్లోంచి హుస్సేన్ వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. తలుపు పిడి కోసం చెయ్యి ఒకసారి గాలిలో వెతికింది. దొరికింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు.

"నా షెడ్డు బండి నేను లేకుండా రోడ్డెక్కదు," అన్నాడు.

మధ్యలో కమలమ్మ సర్దుకుంది. "రండి హుస్సేన్ అన్నయ్యా. మీరుంటేనే నాకూ ధైర్యం."

"ఎత్తిపొడవకండి టీచర్ గారూ."

"ఎత్తిపొడుపు కాదు. మా నాన్న ఉన్నప్పటి నుంచీ ఈ బండి చూశారు మీరు. ఒక్క సీలుతో అదంతా తుడిచేస్తానా? కన్ను చూపించుకోండి. అదొక్కటే నేనడిగేది."

ఆయన కిటికీలోంచి బయటికే చూశాడు. బండి వేమూరు దారి పట్టింది.

గౌసియా బండిని వంతెన ఎక్కించింది. పైన ఒక్క క్షణం ఆగి, కింద రోడ్డు ఖాళీగా ఉందని చూసుకుని వదిలింది. బరువుకి బండి వేగం అందుకుంది. దిమ్మ దగ్గరపడింది. కమలమ్మ కుడి చెయ్యి డాష్‌బోర్డు మీద బిగుసుకుంది. గౌసియా తొక్కింది.

బండి ఒక్కసారిగా ముక్కు వంచి ఆగింది. కుడికి గానీ ఎడమకి గానీ జానెడు కూడా పక్కకి పోలేదు.

కమలమ్మ ఊపిరి వదిలింది. "మళ్ళీ."

రెండోసారి ఇంకా వేగంగా దింపింది. చక్రాల గుర్తులు రోడ్డు మీద రెండు గీతల్లా తిన్నగా పడ్డాయి.

"ఇక ఎవడేమంటాడో నేనూ చూస్తాను," అంది కమలమ్మ. ఆవిడ కళ్ళు తడిసి ఉన్నాయి.

హుస్సేన్ తలుపు తీసుకుని దిగాడు. బండి చుట్టూ నడిచి డ్రైవరు వైపు వచ్చి నిలబడ్డాడు.

"దిగు. మూడోసారి నేను దింపుతా."

గౌసియా ఆయన ముఖంలోకి చూసింది. ఏనాడూ ఆయన మాటకి ఆమె అడ్డు చెప్పింది లేదు. స్పానర్ పట్టుకోవడం నేర్పిన చెయ్యి కిటికీ మీద ఉంది.

"వద్దు అబ్బా."

"తాళం ఇవ్వు."

"ఇవ్వను."

"నాకు నేర్పుతావా నువ్వు?"

"మీరు నేర్పిందే. కనపడకుండా ఏదీ బిగించొద్దన్నారు. కనపడకుండా నడపొచ్చని ఎప్పుడూ చెప్పలేదు." తాళం మీది ఆమె చెయ్యి కదల్లేదు. "శనివారం కంటి డాక్టరు దగ్గరికి వెళ్దాం. నేను తీసుకెళ్తా."

"అయితే షెడ్డు కూడా నువ్వే ఉంచుకో," అన్నాడు హుస్సేన్. "నాకు దారి తెలుసు. నేను వెళ్ళగలను."

ఆయన రోడ్డు దాటి బస్సు స్టాపు వైపు నడిచాడు. వెనక నుంచి వచ్చిన మోటారు సైకిలు ఆయన మోచేతిని రాసుకుంటూ పోయింది. ఆయన ఉలిక్కిపడి ఆగి, మళ్ళీ నడిచాడు.

బస్సు వచ్చింది. హుస్సేన్ చెయ్యెత్తాడు.

గౌసియా బోర్డు చదివింది. రేపల్లె. తెనాలి నుంచి వస్తున్న బస్సు అది, తెనాలికి వెళ్ళేది కాదు.

"అబ్బా! అది కాదు!" అని కిటికీలోంచి అరిచింది.

ఆయన విన్నాడో లేదో తెలియలేదు. కమ్మీ పట్టుకుని ఎక్కాడు. బస్సు కదిలింది.

"చూసుకోక ఎక్కారా, కోపంతో ఎక్కారా?" అంది కమలమ్మ.

రెండింటిలో ఏదైనా గౌసియాకి భయంగానే ఉంది.

"దాటి వెళ్ళి ఆపుతావా?"

"ఆపినా దిగరండి." ఆమె గేరు వేసింది. "వెనకే వెళ్తాను. ఎక్కడ దిగితే అక్కడ ఉంటాను."

రేపల్లె దారిలోని పెనుమర్రు స్టాపులో బస్సు ఆగింది. ఇద్దరు దిగారు. ఆయన దిగలేదు. గౌసియా మళ్ళీ బస్సు వెనకే బండి కదిలించింది.